ఎం.కాం. ఎన్ని బస్తాలు?

చీపురుపల్లి స్టేషను రోడ్డులో టైపు ఇనిస్టిట్యూట్ నడిపే నరసింగరావుకి ఒకటే జబ్బు. ఏ పనైనా సరే, అదెంత కష్టమో తేల్చుకోకుండా మొదలుపెట్టడు. తేల్చుకోవడమంటే మీరూ నేనూ చేసినట్టు బుర్ర గోక్కుని ఓ నిమిషం ఆలోచించడం కాదు. విచారణ జరగాలి, సాక్షుల్ని పిలవాలి, చివర్లో తీర్పు చెప్పాలి. ఆ తీర్పు బస్తాల్లో ఉండాలి.

బస్తాలెందుకంటే, ఆయన తండ్రి రాజాంలో ధాన్యం వ్యాపారం చేసేవాడు. పదహారో ఏట నరసింగరావు మొట్టమొదటిసారి ధాన్యం బస్తా వీపుమీద పెట్టుకుని బండి దగ్గర్నుంచి మిల్లు గుమ్మందాకా నడిచాడట. మధ్యలో రెండుసార్లు ప్రాణం పోయి తిరిగొచ్చిందని ఆయనే చెప్పేవాడు. అంతకు మించిన కష్టం ఎరగడు కాబట్టి లోకంలోని సమస్త కష్టాలనీ దాంతోనే కొలిచేవాడు. మంగలి చేత గడ్డం గీయించుకోవడం పావు బస్తా. మంగలి కబుర్లు మొదలుపెడితే అర బస్తా. చుట్టాలింటికి వెళ్ళడం ఒక బస్తా, చుట్టాలు మనింటికి రావడం రెండు.

పెళ్ళికి ముందు కూడా ముగ్గురు సంసారుల్నీ, దారినపోయే ఒక సన్యాసినీ విచారించి, సంసారం ఎనిమిది బస్తాలని తేల్చుకున్నాకే తలూపాడు. ఆ సంగతి తర్వాతెప్పుడో తెలిసిన ఆయన భార్య జగ్గమ్మ ఇప్పటికీ వదిలిపెట్టదు. “ఎనిమిది బస్తాలంట! ఎవరు ఎవర్ని మోస్తన్నారో ఊరోళ్ళనడిగితే సెప్తారు,” అంటుంది.

ఒకసారి విజయనగరం వెళ్ళాలని స్టేషనుకి పోయి, ఆగివున్న పాసింజరు పక్కన నిలబడి గార్డుని పట్టుకున్నాడు. “బాబూ, పొందూర్లో ఎంతమందెక్కినారు? సిగడాంలో దిగినోళ్ళు ఎందరు? నిలబడాలంటే ఎంతసేపు?” గార్డు ఓపిగ్గా అన్నీ చెప్పాడు. “అయితే బస్తాన్నర. పర్లేదు, ఎల్లొచ్చును,” అని తీర్పు చెప్పి తలెత్తేసరికి బండి గరివిడి దారి పట్టింది. గార్డు మాత్రం చివరి పెట్టెలోంచి చెయ్యూపుతున్నాడు.

“ఏటి, ఎల్లనేదా?” అంది ఇంట్లో జగ్గమ్మ.

“బండికి తొందరెక్కువే,” అన్నాడు నరసింగరావు.

అలాంటి మనిషి దగ్గరికి 1967 జూన్లో ఒక ఉదయం కూర్మయ్య వచ్చి, తలుపు పట్టుకు నిలబడ్డాడు.

కూర్మయ్యది కళింగపట్నం పక్కనున్న చిన్న పల్లెకారుల పేట. తండ్రి వేటకి వెళతాడు. తల్లి అసిరమ్మ ఎండుచేపలు తెచ్చి చీపురుపల్లి బజారులో అమ్ముతుంది. కొడుకు చదువుకోసమే ఇక్కడొక గది తీసుకుని ఉంటోంది. కూర్మయ్య విజయనగరంలో బి.కాం. సెకండ్ క్లాసులో పాసయ్యాడు. వాళ్ళ పేటలో ఆ చదువు పేరు వినడమే అందరికీ మొదటిసారి. నరసింగరావు దగ్గర టైపు నేర్చుకుని, విజయనగరం దారిలో ఉన్న ఒక నార మిల్లులో టైపిస్టు గుమాస్తా ఉద్యోగం కూడా సంపాదించాడు. జూలై పదిన చేరాలి.

కాని వాడి మనసు వాల్తేరు యూనివర్సిటీలో ఉంది. ఎం.కాం.లో చేరాలి, ఫైనాన్స్ చదవాలి. మిల్లులు, రేవులు, రైళ్ళు ఇవన్నీ ఎవరి పెట్టుబడితో ఎలా నిలబడతాయో తెలుసుకోవాలని వాడికి చిన్నప్పట్నుంచీ ఒక దురద. దరఖాస్తుకి గడువు జూన్ ఇరవై. వాల్తేరు వెళ్తే మిల్లు ఉద్యోగం పోతుంది. వెళ్ళి అక్కడ తప్పితే రెండూ పోతాయి. పైగా బి.కాం.లో స్టాటిస్టిక్స్ పేపరు ముప్ఫై ఏడు మార్కులతో గట్టెక్కినవాడు.

“మేస్టారూ, ఎం.కాం. ఎంత కష్టమంటారు?” అన్నాడు.

టైపు మిషన్లు టకటకలాడడం ఆగిపోయింది. నరసింగరావు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. ఇన్నేళ్ళుగా అందర్నీ ఆయనే అడుగుతున్నాడు. ఇంత పెద్ద విషయానికి తనని ఒకరు అడగడం ఇదే మొదలు.

“ఏటన్నావు? ఇంకోపాలి అను.”

“ఎం.కాం. ఎంత కష్టం?”

“ఊరికే సెప్పీడానికి ఇదేటి, మంగలి పనేటి? తూకం వెయ్యాల. రేపు తెల్లారి సాలూరెల్తన్నాం. సొక్కా తొడుక్కురా.”

సాలూరులో లారీ బుకింగ్ ఆఫీసు నడిపే నూకయ్య, ఏడేళ్ళ క్రితం వాల్తేరులో ఎం.కాం.లో చేరి, మొదటి ఏడు తప్పి, వెనక్కొచ్చేసినవాడు. దారిలో కూర్మయ్యకి అనుమానం వచ్చింది. “మేస్టారూ, పాసైనోళ్ళని అడగాల గాని తప్పినోళ్ళని అడుగుతామేటి?”

“పాసైనోడు నిజం సెప్పడురా. సులువంటే ఆడి తెలివి, కష్టమంటే ఆడి గొప్ప. బస్తా ఎక్కడ జారిపోయిందో జారవిడిచినోడికే తెలుస్తాది.”

బుకింగ్ ఆఫీసు ముందు ఆరు లారీలు, అరుపులు, డీజిలు వాసన. నరసింగరావు నమస్కారమన్నా పెట్టకుండా, “నూకయ్యా, నువ్వు ఎం.కాం. తప్పావు కదా, ఎలాగ తప్పావో వివరంగా సెప్పు,” అన్నాడు. కూర్మయ్య సిగ్గుతో నేలలోకి దిగిపోయాడు. నూకయ్య ఓ క్షణం అలాగే చూసి, పడీపడీ నవ్వి, టీ తెప్పించాడు.

“ఏడేళ్ళనుంచీ ఈ మాట నన్నెవరూ అడగనేదు మేస్టారూ. అడిగితే నొచ్చుకుంటానని మానీసినారు,” అన్నాడు. తర్వాత కూర్మయ్య వైపు తిరిగాడు. “లెక్కలు కాదు తమ్ముడూ నన్ను తప్పించింది. క్లాసులో పాఠం ఇంగ్లీషులో జరిగిపోతాది. పక్కోడు తలూపుతాడు. నానూ తలూపీసినాను. మూణ్ణెల్లు ఊపినాను. తెలీదని సెప్పడానికి సిగ్గు. తరవాత సెప్దామన్నా, ఏటి తెలీదో కూడా తెలీకుండా పోనాది.”

“అంటే ఎన్ని బస్తాలు?” అన్నాడు నరసింగరావు.

“బస్తాలు నాకు తెలీదు మేస్టారూ. ఒక్కణ్ణే మోసినాను, అంతే.” అని లోపలికి వెళ్ళి, తాడుతో కట్టిన పాత ప్రశ్నపత్రాల కట్ట తెచ్చి కూర్మయ్య చేతిలో పెట్టాడు. తప్పిన పరీక్ష కాగితాల్ని ఏడేళ్ళు ఎందుకు దాచుకున్నాడో ఎవరూ అడగలేదు. నరసింగరావు కూడా అడగలేదు.

మర్నాడు రాజాం. అక్కడ బ్యాంకులో పనిచేసే గణపతిరావు ఫస్టు క్లాసులో ఎం.కాం. ప్యాసైనవాడు. ఆయన ఇద్దర్నీ నిలబెట్టే మాట్లాడాడు. “ఎం.కాం. అంటే చాలా డిఫికల్టండీ. అందరివల్లా అయ్యే పని కాదు. స్టాటిస్టిక్స్ మరీనూ.” కూర్మయ్య చెప్పుల్లేని కాళ్ళకేసి చూసి, “మీ ఫాదరేం చేస్తారు?” అన్నాడు.

“వేటకెల్తాడండి. సముద్రం మీద.”

“అయితే చాలా చాలా డిఫికల్టు.”

బయటికొచ్చాక కూర్మయ్య తలొంచుకుని నడుస్తున్నాడు. నరసింగరావు వేళ్ళు మడుస్తున్నాడు. “ఈడు సెప్పిందాంట్లో సగం ఈడి గొప్ప, అది కొట్టీ. మిగిలిందాంట్లో సగం నీ కాళ్ళని సూసి కలిపినాడు, అదీ కొట్టీ. నికరంగా రెండు బస్తాలు మిగిలినాయి. మరీ బయపడ్డానికేటి లేదు.”

మూడోనాడు పరీక్ష. ఇనిస్టిట్యూట్ మూసేసి, బల్లమీద గడియారం పెట్టి, నూకయ్య ఇచ్చిన పాత పేపర్లన్నిట్లోంచీ పది ప్రశ్నలు ఏరారు. కష్టం లోపల్నుంచి తెలియాలని నరసింగరావు కూడా ఎదురుగా కూర్చుని రాయడం మొదలుపెట్టాడు. ఒక సంస్థ దీర్ఘకాలిక పెట్టుబడి ఎక్కడెక్కణ్ణుంచి సమకూర్చుకోవచ్చునో వివరించమన్న ప్రశ్నకి, “ముందుగా మామగారిని అడగవలెను. ఆయన కాదన్నచో సంస్థను ప్రారంభించరాదు,” అని రాసి, తనకి తానే పూర్తి మార్కులు వేసుకున్నాడు.

కూర్మయ్య మూడు గంటల్లో పదింటికి నాలుగు ప్రశ్నలు బాగా రాశాడు. రెండు సగం సగం. స్టాటిస్టిక్స్ లెక్క దగ్గర పెన్ను ఆగిపోయింది. నరసింగరావు అన్నీ చూశాడు. కాగితాలకంటే ఎక్కువసేపు కూర్మయ్య మొహాన్నే చూశాడు. ఆ తర్వాత లేచి నిలబడి తీర్పు చెప్పాడు.

“నాలుగు బస్తాలు.”

“నాను మొయ్యగలనేటి మేస్టారూ?”

“మూడు ఇప్పుడే మోసీగలవు. నాలుగోది రెండేళ్ళలో అలవాటైపోతాది. దరఖాస్తు తియ్యి.”

ఆ సాయంత్రం కూర్మయ్య తల్లికి చెప్పాడు. అసిరమ్మ అప్పటికే బజారంతా కొడుకు మిల్లు ఉద్యోగం గురించి చెప్పుకుని ఉంది. చేపల గంప దించుకుని, ఈగలు తోలుకుంటూ కూచుంది. “బయ్యమే నాయినా,” అంది చివరికి. “కాని నువ్వు మిల్లులో కూకుని రోజూ ఆ వాల్తేరు బండికేసి సూస్తావు సూడు, అది మరీ బయ్యం. ఎల్లు.”

సీటు వచ్చింది. కూర్మయ్య మిల్లుకి రానని ఉత్తరం రాసి, తానే పోస్టులో వేస్తానని పట్టుబట్టిన నరసింగరావు చేతిలో పెట్టి, వాల్తేరు బండెక్కాడు.

హాస్టలు గదిలో పక్క మంచం లక్ష్ముడిది. గరివిడివాడు. బి.కాం. ఫస్టు క్లాసు, మంచి ఇంగ్లీషు, అంతకంటే మంచి నిద్ర. కబుర్లలో చీపురుపల్లి పేరొచ్చేసరికి మంచంమీంచి లేచి కూర్చున్నాడు.

“నరసింగరావు నీకూ తెల్సా? మా నాన్న సావాసగాడే. సీటొచ్చినాక, ఎం.కాం. ఎంత కష్టమని సరదాకి అడిగితే, పన్నెండు బస్తాలురా, బతికి బట్టకట్టడం కష్టం అన్నాడు. అప్పట్నుంచీ పుస్తకం ఒదలనేదు నాను!”

కూర్మయ్య కూడా లేచి కూర్చున్నాడు. “నీకు పన్నెండు సెప్పినాడా?”

“నీకెంత సెప్పినాడేటి?”

కూర్మయ్య మాట మార్చేశాడు. తనని మోసం చేశారన్నమాట. పన్నెండు బస్తాల బరువుని నాలుగని చెప్పి నెత్తికెత్తారు. ఆ రోజునుంచి వాడికి ప్రతి పాఠమూ పన్నెండు బస్తాల్లాగే కనిపించింది. క్లాసులో పక్కవాళ్ళు తలూపితే తనూ తలూపేవాడు. దసరాకి ముందు పెట్టిన పరీక్షలో స్టాటిస్టిక్స్‌కి యాభైకి పదకొండు వచ్చాయి. సెలవులివ్వగానే బట్టలూ పుస్తకాలూ అన్నీ ట్రంకుపెట్టెలో సర్దుకుని, మళ్ళీ రాకూడదనుకుని, చీపురుపల్లిలో దిగాడు. దిగినవాడు గదికి కూడా వెళ్ళకుండా, పెట్టె నెత్తిన పెట్టుకుని తిన్నగా ఇనిస్టిట్యూట్‌కి నడిచాడు. మేస్టారిని నాలుగు మాటలు అడిగేయాలి.

మేస్టారి కుర్చీలో జగ్గమ్మ కూర్చుని ఉంది. చేతిలో విసనకర్ర. నలుగురు పిల్లలు టైపు కొడుతున్నారు.

“ఒరే, మూడో మిషనూ! తప్పు కొట్టినావు, మళ్ళీ కొట్టు,” అంటోంది.

“అమ్మా, నీకు టైపు వచ్చునేటి?”

“అచ్చరమ్ముక్క రాదు. సప్పుడు తడబడితే తప్పని ఎరుగుదును. మూడు నెల్లయి నానే పాఠం సెప్తన్నాను. కూకో.”

“మేస్టారేరి?”

జగ్గమ్మ విసనకర్ర ఆపింది. “నీకు తెలీదేటి? అయ్యో, తెలీదు కాబోలు. మిల్లుకెల్లినారు.”

“ఏ మిల్లుకి?”

“నీ మిల్లుకే నాయినా. నీ కుర్చీలో కూకోడానికి.”

సంగతి ఇదీ. కూర్మయ్య రాసిన ఉత్తరం నరసింగరావు పోస్టులో వెయ్యలేదు. జేబులో పెట్టుకుని తిన్నగా మిల్లు మేనేజరు దగ్గరికెళ్ళాడు. మా కుర్రవాడు వాల్తేరు చదువుకెళ్ళాడు, నిలదొక్కుకుంటాడో లేదో ఒక ఏడాదికి గాని తెలీదు, అందాకా వాడి బదులు నేను పనిచేస్తాను, ఆ చోటు ఇంకొకరికి ఇవ్వకండి అన్నాడు. మేనేజరు ముందు నవ్వాడు. ఆ తర్వాత ఆయన టైపు కొట్టడం చూసి ఒప్పుకున్నాడు. అప్పట్నుంచి యాభై ఏళ్ళ నరసింగరావు రోజూ పొద్దున ఆరున్నర బండికి కేరేజీ పట్టుకుని వెళ్ళి, సాయంత్రం బండికి వస్తున్నాడు.

కూర్మయ్య పెట్టెమీద కూలబడిపోయాడు. “అంత దూరం... రోజూ... ఎంత కష్టమో సూసుకోకండానే?”

“నానూ అదే అడిగినాను. ఎన్ని బస్తాలూ అని. ‘అరే, తూకం ఎయ్యడం మర్సిపోనానే!’ అన్నారు. ఇరవై రెండేళ్ళ కాపరంలో ఆ మాట ఇనడం అదే మొదలు.” జగ్గమ్మ కళ్ళు మెరిశాయి. వెంటనే, “ఒరే, ఒకటో మిషనూ!” అని అరిచింది.

సాయంత్రం బండికి కూర్మయ్య ఎదురెళ్ళాడు. నరసింగరావు దిగాడు. చొక్కా చేతుల నిండా కార్బన్ కాగితం నలుపు. కూర్మయ్యని చూసి, ముందు సంతోషించి, తర్వాత కాస్త కంగారుపడ్డాడు.

“జగ్గమ్మ సెప్పీసిందేటి?”

“లక్ష్ముడికి పన్నెండు సెప్పి నాకు నాలుగెందుకు సెప్పినారు?” పొద్దుట్నుంచీ దాచుకున్న కోపమంతా పోగా కూర్మయ్యకి ఆ ఒక్క ప్రశ్నే మిగిలింది.

నరసింగరావు బెంచీమీద కూర్చుని కేరేజీ పక్కన పెట్టాడు. “లక్ష్ముడు మంచమ్మీద పడుకుని పాసైపోతాననుకున్నాడు. ఆడికి పన్నెండు సెప్పకపోతే పుస్తకం తెరవడు. నీకు పన్నెండు సెప్తే నువ్వు దరఖాస్తే తెరవవు.”

“మరి నిజంగా ఎన్ని?”

“నాకేటి తెలుసురా? నాను ఇంటరు రెండుపాలీలు తప్పినోణ్ణి.”

“మరి సాలూరు, రాజాం, ఆ పరీక్షా...”

“అవి నీకోసం. ఎదటోడు ఎక్కడ పడ్డాడో నువ్వు సూడాల కదా. సూసినావా?”

కూర్మయ్యకి నూకయ్య మాటలు గుర్తొచ్చాయి. మూడు నెలలుగా తను చేస్తున్నది కూడా అదే. తలూపడం.

మర్నాడు పొద్దున జగ్గమ్మ లేపకపోవడంతో నరసింగరావు లేచేసరికి ఆరున్నర బండి వెళ్ళిపోయింది. అందులో కూర్మయ్య వెళ్ళాడు.

మిల్లు మేనేజరు వాణ్ణి ఎగాదిగా చూశాడు. “ఓహో, ఆ కూర్మయ్యవి నువ్వేనా? మీ మేస్టారు గొప్ప టైపిస్టయ్యా. కాని ఉత్తరం ఇస్తే చాలు, ఇదెంత కష్టమండీ అని పావుగంట వాకబు చేస్తాడు. నిన్న ఒక రసీదుని ముప్పాతిక బస్తా అన్నాడు.”

కూర్మయ్య నవ్వి, కుర్చీలో కూర్చుని, ఆ రోజు పనంతా చేశాడు. సాయంత్రం మేనేజరు మళ్ళీ వచ్చాడు. “చెయ్యి బాగుంది. ఒక్కమాట చెప్పు. మీ మేస్టారు ప్రతి సోమవారం నా గదిలోకొచ్చి, ఆ చోటు నీకోసం అలాగే ఉందా అని అడుగుతాడు. ఉందంటాను. ‘సంతోషం బాబూ, మా వోడు దీన్లోకి రాకూడదని రోజూ దండం పెట్టుకుంటన్నాను’ అని వెళ్ళిపోతాడు. నాకు బుర్ర తిరిగిపోతోంది. ఇంతకీ నువ్వు వస్తావా, రావా?”

కూర్మయ్య మిషను మీద గుడ్డ కప్పాడు. కాసేపు దానిమీదే చెయ్యి ఉంచాడు.

“రానండి. ఇంకెవరికైనా ఇచ్చీయండి.”

ఆ మాట విని ఇంటి దగ్గర నరసింగరావు హడలిపోయాడు. “ఒదిలీసినావేటిరా! మూడు నెల్లు కాసిన కుర్చీ!” అని అరుగుమీద అటూ ఇటూ తిరిగాడు. తిరిగి తిరిగి, హఠాత్తుగా ఆగి, భార్యకేసి చూశాడు. “అంటే రేపటికాణ్ణుంచి నాను ఆరున్నర బండెక్కక్కర్లేదా?” జగ్గమ్మ నవ్వాపుకోలేక లోపలికి పోయింది.

సెలవులయ్యాక కూర్మయ్య వాల్తేరు వెళ్ళి, మొదటి స్టాటిస్టిక్స్ క్లాసులోనే చెయ్యెత్తి, తనకి ఏమీ అర్థం కావడం లేదని చెప్పాడు. లెక్చరరు ఎక్కణ్ణుంచి అర్థం కాలేదని అడిగాడు. మొదట్నుంచీ అన్నాడు. క్లాసంతా నవ్వింది. క్లాసయ్యాక ఆ నవ్విన వాళ్ళలో ముగ్గురు వచ్చి, తమకి కూడా మొదట్నుంచీ అర్థం కావడం లేదని రహస్యంగా చెప్పారు. లక్ష్ముడు నలుగురికీ కలిపి రోజూ గంటసేపు లెక్కలు చెప్పాల్సి వచ్చింది. చెప్పడం మొదలుపెట్టాక వాడి నిద్ర కూడా తగ్గింది.

1969లో ఫలితాలు పేపర్లో పడిన రోజు, నరసింగరావు చీపురుపల్లి స్టేషను పుస్తకాల కొట్లో ఉన్న ఎనిమిది పేపర్లూ కొనేశాడు. ఆ రోజు ఊళ్ళో ఇంకెవరికీ లోకంలో ఏం జరిగిందో తెలియలేదు. ఎనిమిదీ చంకన పెట్టుకుని బజారుకి పరిగెత్తి, అసిరమ్మ ముందు కుప్ప పోశాడు. ఆయాసంతో నోట మాట రావడం లేదు.

“మంచిపని సేసినావు బావూ, పొట్లాలకి కాయితం అయిపోనాది,” అంటూ అసిరమ్మ పై పేపరందుకుని చింపబోయింది.

“సింపకే, సింపకు! మీవోడున్నాడే అందులో!”

అసిరమ్మ చేతులు అలాగే ఆగిపోయాయి. నరసింగరావు సెకండ్ క్లాసు నంబర్ల వరసలో ఒక నంబరు మీద వేలు పెట్టి చూపించాడు. ఆమె చేతులు చీరకి తుడుచుకుని, వంగి, ఆ నంబరుని చాలాసేపు చూసింది. తర్వాత రెండో పేపరు తీసి ఇచ్చి, “దీన్లో?” అంది. అందులో చూపించాడు. మూడోది తీసింది. అందులోనూ చూపించాడు.

“ఎనిమిదింట్లోనూ ఉన్నాడేటి బావూ?”

“ఎనిమిదింట్లోనూ ఉన్నాడే.”

ఆ రోజు అసిరమ్మ దగ్గర ఎండుచేపలు కొన్నవాళ్ళందరికీ ఆమె విస్తరాకుల్లో కట్టి ఇచ్చింది. అంత పెద్ద పేపర్ల కట్ట పక్కనే పెట్టుకుని ఆకుల్లో కడతావేమని ఒకావిడ అడిగితే, “అవి కట్టడానికి పనికిరావమ్మా,” అని చెప్పి, కట్టని ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.